భయాన్ని పొదుపు చేయని కోమలవల్లి గారు

1990వ సంవత్సరం జులై రెండో తేదీ సోమవారం ఉదయం శ్రీమతి కోమలవల్లి గారు మన నంద్యాల–ఆళ్లగడ్డ విద్యుత్ సామగ్రి వర్తకుల సంఘం వారి గృహ విద్యుత్ సలహా కేంద్రంలో సలహాదారుగా చేరారు. కుర్చీలో కూర్చోకముందే ఆమె గదిలోని ప్రతి స్విచ్చి బోర్డు దగ్గరా నిలబడి టెస్టరు పెట్టి చూశారు. చూడటం పూర్తయ్యాక అదే వరసలో మళ్ళీ మొదటినుంచి చూశారు. అప్పటి అధ్యక్షులు, కీర్తిశేషులు కృష్ణస్వామి గారు ఆ తతంగాన్ని గమనించి, "ఏందమ్మా, ఒకసారి చూసినదాని మీద నమ్మకం లేదా?" అని నవ్వారు. "మొదటిసారి చూసింది బోర్డునండీ. రెండోసారి చూస్తున్నది టెస్టరును" అని ఆమె సమాధానం చెప్పారు.

పదవీ విరమణ సంచికలలో ధైర్యాన్ని కొనియాడటం ఆనవాయితీ. ఎవరిని గురించి రాసినా వారు నిర్భయులు, సాహసులు, ఎంతటివారినైనా ఎదిరించినవారు అయి తీరుతారు. ఇది వర్తకులు వెలువరిస్తున్న సంచిక. తూకంలో రాయి మార్చి పొగడటం మనకు తగదు. కోమలవల్లి గారు భయస్తురాలు. ముప్పై అయిదేళ్ళపాటు ఆమె భయపడుతూనే కేంద్రానికి వచ్చారు, భయపడుతూనే ఇంటికి వెళ్ళారు. ఈ సంఘం పెట్టిన పెట్టుబడులలో కొన్ని కలిసివచ్చాయి, కొన్ని మునిగాయి. ఆమె భయం మాత్రం ఒక్క వేసవిలో ఒక్క ఆదివారం తప్ప ఏనాడూ తరుగు పోలేదు. ఆ ఆదివారం సంగతి ముందు ముందు వస్తుంది.

అహోబిలంలో ఆలయ కైంకర్యాలు చేసుకునే కుటుంబంలో జన్మించిన కోమలవల్లి గారికి ఈ భయం చిన్ననాడే పట్టుకుంది. వాన వెలిసిన ఒక ఉదయం వీధి చివర కరెంటు స్తంభం పక్కన పొరుగింటి ఆవు పడి ఉంది. స్తంభం ఒరగకుండా నేలలోకి లాగి కట్టిన ఇనుప తీగకు అది ఒళ్ళు రుద్దుకుందట. గాయం లేదు, నెత్తురు లేదు. నోట్లో సగం నమిలిన గడ్డి అట్లాగే ఉంది. పాము కరిస్తే గాటు ఉంటుంది, నిప్పు కాలిస్తే బొబ్బ ఉంటుంది. వచ్చిన దారీ పోయిన దారీ చూపకుండా ప్రాణం తీసుకుపోయేది కూడా ఒకటి ఉందని ఆ పిల్లకు ఆనాడు తెలిసింది. పెద్దలు ఆవు చుట్టూ మూగి మాట్లాడుకుంటుంటే ఆమె ఆ తీగవైపే చూస్తూ ఉండిపోయారు. అది మామూలు తీగలాగే ఉంది. ఆమెను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అదే.

భయపెట్టినదానికి దూరంగా పోవడం లోకసహజం. ఆమె దాని ఇంట్లోకే నడిచి, నంద్యాలలో ఉండి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేశారు. ఆడపిల్లకు ఈ చదువెందుకని తండ్రిగారు సందేహించినప్పుడు, "పాము యాడుందో తెలియని ఇంట్లో నిద్ర పట్టదు నాయనా. తెలిసిన ఇంట్లో కనీసం చెప్పులు చూసుకొని అడుగేస్తాం" అని ఒప్పించారట.

సలహా కేంద్రం నెలకొల్పిన కొత్తలో మన సభ్యులందరికీ అది సమ్మతం కాదు. కరెంటు సామాన్లు అమ్ముకునేవాళ్ళు, కరెంటు తక్కువ కాల్చమని చెప్పే గదికి అద్దె కట్టడమేమిటని పలువురు గొణిగారు. సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు లేచి బాహాటంగానే నిలదీశాడు. "మా అంగడికి ఫ్యాను కొనేదానికి వచ్చినోడు, ముందు ఆ యమ్మను అడిగొస్తానని పోయినాడప్పా. పాత ఫ్యానుకే కెపాసిటరు మార్పించుకోని తిప్పుకుంటాండాడు. ఇదేం యాపారం?"

కృష్ణస్వామి గారు నిదానంగా అడిగారు: "రేపు వాని కొడుకు ఇల్లు కట్టుకుంటాడు. వైరింగు సామాను యాడ కొంటాడు?"

"యాడ కొంటాడు?"

"ఒకసారి మోసపోని చోట కొంటాడు."

ఆ లెక్క సభకు నచ్చింది. కేంద్రం నిలిచింది. నంద్యాలలో నిత్యమూ, ఆళ్లగడ్డ శాఖలో మంగళ, శుక్రవారాల్లోనూ కోమలవల్లి గారు ప్రజల ప్రశ్నలకు సమాధానాలు చెబుతూ వచ్చారు. ప్రశ్నలు మన ఇళ్ళలో పుట్టినవే. రాత్రి ఫ్రిజ్జు ఆపేస్తే కరెంటు మిగులుతుందా? మిగలదు, తెల్లవారి మళ్ళీ చల్లబడటానికి అది మొత్తం తినేస్తుంది, పైగా పాలు విరుగుతాయి. రెగ్యులేటరు తగ్గిస్తే ఫ్యాను తక్కువ కాలుతుందా? పాతకాలపు లావు రెగ్యులేటరైతే మిగిలిందంతా అందులోనే వేడిగా పోతుంది, కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటరైతే తగ్గుతుంది. టీవీని రిమోటుతో ఆపితే చాలదా? చాలదు, అది కునుకు తీస్తూ కూడా తింటూనే ఉంటుంది, స్విచ్చి తీయాలి. ఈ జవాబులు ఎవరైనా చెప్పగలరు. కోమలవల్లి గారి జవాబుకు మాత్రం తోక ఉండేది. ఏ పొదుపు మాటనైనా చివరకు ఆమె తడిచేతుల దగ్గరికో, అతుకుల వైరు దగ్గరికో, ఇనుప కడ్డీతో నీళ్ళు కాచుకునే బకెట్టు దగ్గరికో తెచ్చి ఆపేవారు. గుండు బల్బులు పోయి వంకీల సీఎఫ్ఎల్ దీపాలు వచ్చినప్పుడు ఊరంతా వాటి వెలుగును చూసి మురిసిపోయింది. ఆమె మాత్రం లోపలి పాదరసం విషమని, అవి పగిలితే ఏంచేయాలో చెబుతూ కూర్చున్నారు: కిటికీలు తెరవండి, పిల్లల్ని పక్కకు పంపండి, చేత్తో ఎత్తకండి, అట్టముక్కతో ఎత్తండి. "బల్బు కొనకముందే పగలగొడతాండావు కదమ్మా!" అని ఒకాయన నొచ్చుకున్నాడు.

ఇక ఆ వేసవి విషయం. 2011 మే నెలలో, ఆళ్లగడ్డ శివార్లలో కోయిలకుంట్ల దారిన ఉన్న ఒక కాలనీలో, ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి వరండాలో మహిళలకు కరెంటు పొదుపు గురించి చెప్పడానికి ఆమె వెళ్ళారు. అంతకు ముందటి ఏడు ఆమే పట్టుబట్టి, మన సంఘం వైర్‌మన్ ఎలీషా గారిచేత ఆ కాలనీలో ఇంటింటికీ ఎర్త్ వేయించారు. ఏ సామానులోనైనా కరెంటు దారి తప్పి ఇనుము మీదికి వస్తే, మనిషి గుండా పోకుండా పచ్చ వైరు గుండా నేలలోకి పోయే ఏర్పాటు అది.

ఆనాడు ఆమె బాగా మాట్లాడారు. బహుశా అవసరానికి మించి బాగా మాట్లాడారు. పాతబడిన ఫ్రిజ్జులోనో, తడిసిన కూలరులోనో లోపలి వైరు తొడుగు చెడితే కరెంటు ఎర్త్ గుండా భూమిలోకి కారిపోతుందని, అట్లా కారినదానికి కూడా మీటరు తిరుగుతుందని, అట్లాంటి సామానును వెంటనే బాగుచేయించుకోవాలని చెబుతూ, "కొళాయి కారితే నీళ్ళు పోయినట్టే" అన్నారు. వరండా అంతా ఒక్కసారిగా తల ఊపింది. నీళ్ళు పోవడమంటే ఏమిటో ఆ కాలనీ ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంత తేలికగా అర్థమయ్యేట్టు ఎన్నడూ చెప్పలేదనుకుంటూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తృప్తిగా నంద్యాల చేరారు. ఉద్యోగంలో ఆమె భయపడటం మరిచిన రోజు ఆ ఒక్కటే.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ఆళ్లగడ్డ శాఖలో ఉండగా ఆ కాలనీ ఏసమ్మ సంచీ నిండా శనగలు తెచ్చి బల్లమీద పెట్టింది. చేను పనులకు, చర్చి పనులకు తన ఇళ్ళ వరసలోని ఆడవాళ్ళను ముందుండి నడిపించే మనిషి ఆమె.

"తీసుకో అమ్మా. మా చేనివే. నువ్వు చెప్పినట్టే చేసినాం. కారకుండా మూసేసినాం."

"ఏం మూశారు ఏసమ్మా?"

"అదేనమ్మా, ఆ పచ్చ వైరు. భూమిలోకి పోతాది సూడు, అది. పొద్దున్నే కొడవలితో కోసేసినా. నన్ను చూసి మా వరసంతా కోసేసినారు. ఇంగ ఒక్క చుక్క గూడా కారదు."

కోమలవల్లి గారికి మొదట తన చేతులు చల్లబడటం తెలిసింది. తరువాత మాట అర్థమైంది. కారే కొళాయిని చూస్తే ఆ కాలనీలో ఎవరూ ప్లంబరు కోసం ఎదురుచూడరు. గుడ్డ చుట్టి బిగించి కడతారు, కన్నంలో పుల్ల దూరుస్తారు, ఏదో ఒకటి చేసి ఆ దారి మూస్తారు. ఆమె చెప్పింది వాళ్ళు తు.చ. తప్పకుండా చేశారు. మనిషిని కాపాడే దారిని, కరెంటు పారిపోయే దారి అనుకుని కోసేశారు. వాళ్ళచేత ఆ కొడవలి పట్టించింది తన పోలికే.

"కోసినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"ఏం కాలా. కరెంటు లేనప్పుడే కోసినాం. మాకు ఆ మాత్రం తెలీదా?" అంది ఏసమ్మ, కాస్త గర్వంగానే. "లైను పని జరుగుతాందంట. పొద్దున పోయింది, ఇంతవరకూ రాలా."

అంటే కోసిన తరువాత ఆ ఇళ్ళలోకి ఇంకా కరెంటు రాలేదు. వచ్చిన మరుక్షణం, పొద్దుటినుంచి ఎండకు మగ్గిపోయిన ఆ వరసంతా బిందెలు ఎత్తుకుని కూలర్ల దగ్గరికి పోతుంది. ఇనుప కూలర్లు. తడి నేల. వట్టి కాళ్ళు. కోమలవల్లి గారి కళ్ళ ముందుకు నోట్లో గడ్డితో పడి ఉన్న ఆవు వచ్చింది.

ఆమె సబ్‌స్టేషనుకు ఫోను చేశారు. డ్యూటీలో ఆపరేటరు నరసింహులు ఉన్నాడు. విషయం విని అతడూ కంగారుపడ్డాడు.

"పని అయిపోవచ్చింది మేడమ్. కరెంటు ఇచ్చేయమంటే ఇచ్చేయాల్సిందే."

"ఆ ఒక్క కాలనీ వరకైనా ఆపలేరా నరసింహులూ?"

"అదే లైనులో ఆస్పత్రి ఉంది మేడమ్. ఆడ గూడా పొద్దున్నుంచి జనరేటరు మీదనే నడుస్తాంది. నేను చేయగలిగింది ఒకటే. ఇచ్చేముందు మీకు ఫోన్ కొడతా. తొందరగా పోండి."

ఎలీషా గారు పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నారు. ముగ్గురూ ఆటో ఎక్కారు. దారిపొడుగునా కోమలవల్లి గారు ఫోనును రెండు చేతులతో పట్టుకుని, అది మోగకూడదని చూస్తూ కూర్చున్నారు. ఆమె ఎందుకట్లా కూర్చున్నారో ఏసమ్మకు సగం దారిలో అర్థమైంది. మా కోడలు ఇంట్లో ఒక్కతే ఉందమ్మా అని మాత్రం అంది.

కాలనీ చేరాక ఎలీషా గారు మొదటి ఇంటి గోడ దగ్గర కూర్చుని తెగిన వైర్లు కలపడం మొదలుపెట్టారు. అది తొందరగా తెమిలే పని కాదు. కోమలవల్లి గారు గుమ్మం గుమ్మం తిరిగి కూలరు, ఫ్రిజ్జు ప్లగ్గులు పీకేయమని చెప్పసాగారు. చెప్పినంత మాత్రాన వినేవాళ్ళా?

"మొన్న కారుతాదంటివి, ఈ పొద్దు ఆ వైరే మళ్ళీ కట్టమంటాండావు. ఏదో ఒకటి చెప్పమ్మా తల్లీ!"

"ఏమే, మన మీటరు తగ్గితే వీళ్ళకు కండ్లమంట ఏమో!"

వెనకనుంచి ఏసమ్మ గొంతు లేచింది. "ఆ యమ్మ సరిగ్గానే చెప్పింది, నేనే ఎనకా ముందూ చూడకుండా కోసినా! తరవాత తిడుదురు గానీ ముందు ప్లగ్గులు పీకండే!"

ఒక్కొక్క ఇంట్లోనూ ప్లగ్గులు ఊడుతున్నాయి. వరస చివరికి ఇంకా కొద్ది ఇళ్ళు ఉన్నాయనగా కోమలవల్లి గారి చేతిలో ఫోను మోగింది. ఆమె ఎత్తలేదు. ఎత్తి వినవలసింది ఏమీ లేదు. మధ్య ఇళ్ళను ఏసమ్మకు వదిలి, చివరి ఇంటివైపు చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరుగెత్తారు. ఆమె సగం దూరం పోయేసరికి వెనక ఇళ్ళలో ఫ్యాన్లు కదిలిన చప్పుడు, "వచ్చిందీ!" అని పిల్లల కేకలు. ఎండాకాలంలో మనందరికీ చెవులకు ఇంపైన కేక అది. ఆ పూట ఆమె ప్రాణం ఎగిరిపోయింది ఆ కేకకే.

చివరి ఇల్లు ఓబులమ్మ అనే వృద్ధురాలిది. కిటికీకి బయట బిగించిన కూలరు గడగడమని తిరగడం మొదలుపెట్టింది. దాని కింద మడుగు. ఓబులమ్మ చంకన బిందెతో ఆ మడుగు అంచుకు చేరి, కూలరు అంచు పట్టుకుని నీళ్ళు ఒంపడానికి చేయి చాపింది.

"ఓబులమ్మా! ఆడనే నిలబడు! ముట్టుకోవద్దు!"

అవ్వ ఉలిక్కిపడి ఆగింది. ఇనుముకూ వేళ్ళకూ మధ్య జానెడు ఉంది.

"ఏందమ్మా అది, దొంగను చూసినట్టు అరుస్తాండావ్? బిందె జారుంటే నీళ్ళు ఎవురిస్తారు?"

వెనకే వచ్చిన ఎలీషా గారు, రబ్బరు చెప్పులతో మడుగు ఇవతల నిలబడి, చేయి చాచి టెస్టరు కొసను కూలరు ఒంటికి ఆనించారు. టెస్టరు లోపల బియ్యపు గింజంత ఎర్ర దీపం వెలిగింది. ఎండలో అది సరిగా కనిపించక చేయి అడ్డం పెట్టి చూపించారు. పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళంతా వంగి చూశారు.

"ఏందప్పా ఆ దీపం?" అంది ఓబులమ్మ.

"నువ్వు ముట్టుకొని ఉంటే నీ తలకాడ పెట్టాల్సిన దీపం అవ్వా" అన్నారు ఎలీషా గారు.

కోమలవల్లి గారు గుమ్మం పక్కనున్న ఫ్యూజు లాగేసి, కూలరు ఆగిపోయిందని తెలిశాక, మట్టిలోనే కూలబడ్డారు. ఓబులమ్మ బిందె దించి, కొంగుతో ఆమె ముఖం తుడిచి, దోసిట్లో నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు తాగడం చూస్తూ, "ఇంత పిరికిదానివి, ఈ కరెంటు పని యాడ దొరికించుకుంటివమ్మా?" అని జాలిపడింది.

పొదుపు దీపాల గురించి మన అంగళ్ళలో చాలా మాటలు చెబుతాం. ఆ టెస్టరు దీపం తినే కరెంటు ఏ మీటరూ పట్టలేనంత స్వల్పం. ఆ మధ్యాహ్నం అది చూపినంత మరే దీపమూ చూపలేదు. దుకాణదారుడి లెక్కలో వెలుగు విలువ కట్టవలసింది అట్లా.

మరునాడు కోమలవల్లి గారు కృష్ణస్వామి గారి ఎదుట నిలబడి, తనను ఉద్యోగంనుంచి తప్పించమని కోరారు. "నా నోటిమాట వల్ల ఒక వరస మొత్తం పోయేదండీ. దేవుడు చల్లగా చూశాడు. మళ్ళీ చూస్తాడని నమ్మి ఆ కుర్చీలో కూర్చోలేను" అన్నారు. కృష్ణస్వామి గారు ఓదార్చలేదు. వ్యాపారి భాషలోనే బదులిచ్చారు.

"అమ్మా, నిన్నటి రోజు నువ్వు నేర్చుకున్నది మామూలు సరుకు కాదు. అంత ఖరీదైన సరుకు నీ దగ్గర పెట్టుకోని నువ్వు ఇంటికి పోతే, ఆ కుర్చీలోకి భయం తెలియని మనిషిని తెచ్చి, వాడు నేర్చుకునేదాకా ఎవురి ప్రాణాలు మదుపు పెట్టమంటావు?"

ఆమె వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఆ దినంనుంచి కేంద్రంలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు ఏమి అడిగినా, సమాధానం చెప్పి ఊరుకోరు. "సరే, ఇప్పుడు ఇంటికి పోయి ఏం చేస్తావు?" అని తిరిగి అడుగుతారు. అర్థమైందా అని మాత్రం అడగరు. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారని ఆమెకు ఒక వరండా నేర్పింది. ఇంట్లో చేతులు చేయబోయే పనిని వాళ్ళ నోటితో విన్నాకనే లేవనిస్తారు.

పద్ధతి పెట్టిన మొదటి వారమే దాని ఫలితం దక్కింది. ఆళ్లగడ్డ రైతు ఒకాయన, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని వస్తే, ఒక్కచోటే ఎక్కువ సామాను తగిలించడం వల్ల అని ఆమె వివరించారు. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఇప్పుడు ఇంటికి పోయి ఏం చేస్తావు?" అంటే, "ఏముందమ్మా, లావు తీగ ఏస్తా. మళ్ళీ పోదు" అన్నాడు. లావు తీగ వేస్తే ఫ్యూజు పోదు, గోడలోని వైరే కాలుతుంది. ఆమె ఆయన్ను మళ్ళీ కూర్చోబెట్టారు.

ఎండలకు మన రేగడి నేల నెర్రెలిచ్చి ఎండిపోతే, పచ్చ వైరు దిగే ఎర్త్ గుంత కూడా పనిచేయదు. దానికి తడి కావాలి. శుక్రవారం వాకిలి కడిగినప్పుడు ఆ గుంతలో కూడా నీళ్ళు పోయమని కోమలవల్లి గారు కాలనీలో చెప్పారు. "చెట్టుకు పోసినట్టు పోస్తాం లే. మంచినీళ్ళు మాత్రం పోయం" అంది ఓబులమ్మ. గుడ్డలు జాడించిన నీళ్ళయినా చాలని ఒప్పందం కుదిరింది. ఈనాటికీ ఆ వరసలో ఆ అలవాటు నడుస్తోంది. ఓబులమ్మ గతించి కొన్నేళ్ళయింది. వయసు మీరి, కన్నబిడ్డల నడుమ, తన మంచంమీదనే వెళ్ళిపోయింది. ఆ వార్త విన్ననాడు కోమలవల్లి గారు, "మామూలుగానే పోయిందా?" అని రెండుసార్లు అడిగి, కళ్ళు తుడుచుకున్నారు.

ఎల్ఈడీ దీపాలు వచ్చాక మన వ్యాపారమే మారిపోయింది. ప్రశ్నలు కూడా మారాయి. వాట్లు చూసి కొనాలా అని అడిగినవారికి, "వాట్లు అది తినేది. లుమెన్లు అది పెట్టేది. పెట్టె మీద రెండూ ఉంటాయి, తక్కువ తిని ఎక్కువ పెట్టేదాన్ని చూసుకోండి" అని చెప్పేవారు. చదువుకునే బల్లకు తెల్లని వెలుగు, పడకగదికి పసుపు వెలుగు మేలని చెప్పేవారు. ప్యాపిలి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "ఇది కాలేది తక్కువే కదమ్మా, అందుకే వసారాలో పగలూ రాత్రీ ఏసి పెట్టినా" అని సంతోషంగా చెబితే, "తక్కువ తింటాడని చుట్టాన్ని ఏడాదంతా ఇంట్లో పెట్టుకుంటావా అన్నా?" అన్నారు. ఆయన ఇంటికి పోయి ఏం చేస్తాడో వేరే అడగవలసిన పని లేకపోయింది. అయినా అడిగారు.

2022లో నంద్యాల జిల్లా ఏర్పడి ఊరు పెరిగింది. మిద్దెలపైకి సౌర ఫలకాలు ఎక్కాయి. కొత్త మీటర్ల గురించి రకరకాల పుకార్లు బయలుదేరాయి. ప్రతి చేతిలోనూ ఫోను, అందులో కరెంటు ఆదా చిట్కాల వీడియోలు. అందరూ ఇక సలహా కేంద్రానికి పని తగ్గుతుందనుకున్నారు. కోమలవల్లి గారి భయం మాత్రం రెట్టింపయింది. "వీడియో చెప్పి పోతుంది. ఇంటికి పోయి ఏం చేస్తావని అడగదు" అనేవారు. ఇంట్లో భర్త వేదవ్యాస్ గారు, కుమార్తె నిత్య ఈ భయంతో సర్దుకుపోయి జీవించిన సహనశీలురు. "మా ఇంట్లో దీపం కూడా అమ్మను అడిగి వెలుగుతుంది" అని నిత్య అంటుంది. కోమలవల్లి గారు సెలవు పెట్టి ఊరికి వెళ్ళినా, రాత్రి భోజనానికి ముందు ఫోనుచేసి మెయిన్ స్విచ్చి దగ్గర కాలిన వాసన ఏమైనా వస్తోందా అని అడిగేవారట. ఆ కుటుంబానికి సంఘం రుణపడి ఉంది.

ఈ నెల మూడో శుక్రవారం ఆళ్లగడ్డ శాఖలో ఆమెకు చివరి దినం. ఆమె స్థానంలో నియమితురాలైన కుమారి అర్చన పక్కన కూర్చుని చూస్తోంది. సాయంత్రానికి ఏసమ్మ వచ్చింది, మళ్ళీ శనగల సంచీతో. ఏదీ అడగలేదు. కొంతసేపు కూర్చుని, లేవబోతూ అంది:

"సరేగానీ, ఇంగ ఇంటికి పోయి ఏం చేస్తావమ్మా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

"ముందు గుంతలో నీళ్ళు పోస్తాను."

"ఆ తరవాత?"

"తెలియదు ఏసమ్మా. భయంగా ఉంది. ఎవరైనా మళ్ళీ ఏదో ఒకటి కోసేసి, సంతోషంగా చెప్పడానికి ఇక్కడికి వస్తారు. ఆ మాట విన్నప్పుడు చేతులు చల్లబడే మనిషి ఇక్కడ ఉండాలి కదా."

ఏసమ్మ అర్చనవైపు ఎగాదిగా చూసింది. అర్చన లేచి, గది మూసేముందు చూడవలసినట్టుగా, స్విచ్చి బోర్డులన్నిటికీ టెస్టరు పెట్టుకుంటూ వెళ్ళింది. చివరిదాకా చూసి, సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. సంచీ కింద పెట్టి, మొదటి బోర్డు దగ్గరికి తిరిగి వెళ్ళింది.

"మళ్ళీ ఏందమ్మా?" అంది ఏసమ్మ.

"టెస్టరు పనిచేస్తాందో లేదో అక్కా" అంది అర్చన. ఆ చేయి కొద్దిగా వణుకుతోంది.

కోమలవల్లి గారు ఆ వణుకును చూశారు. అప్పుడు లేచి చెప్పులు తొడుక్కున్నారు.

పెట్టుబడి చేతులు మారినప్పుడు వర్తకులం సాక్షి సంతకాలు పెడతాం. ఈ సంచిక అటువంటిదే. నవంబరు ముప్పైన పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి కోమలవల్లి గారికి నిర్భయ జీవితాన్ని కోరడం మన ఉద్దేశం కాదు. ఆ భయం వల్ల బతికి ఉన్నవాళ్ళు ఎందరో మనకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. జరగని చావుకు లెక్క రాయడం ఏ వర్తకుడికీ చేతకాదు. మనం కోరేది ఇంతే: ఆమె చేతులు ఇకమీదట వెచ్చగా ఉండాలి, నడక నిలకడగా ఉండాలి, రాత్రి మెయిన్ ఒక్కసారి చూసుకుని తెల్లవారేదాకా హాయిగా నిద్రపోవాలి. ప్రతి శుక్రవారం గుంతలో నీళ్ళు పోస్తూ, ఆ తడి ఆరకముందే మళ్ళీ శుక్రవారం వచ్చేట్టుగా, ఆయురారోగ్యాలతో, వేదవ్యాస్ గారితో, నిత్యతో ఆమె చిరకాలం వర్ధిల్లాలి.